కడుపు నిండుటయు, ఆకలి తీరుటయు
— పంచాయతీ సభ్యులకొక ఆరోగ్య పాఠము —

గ్రామమునందు మూడు విధములగు మాటలు తరచుగా వినవచ్చుచుండును. ఒక తల్లి, "మా బిడ్డ గిన్నెడు జావ త్రాగును, అయినను ఒళ్లు చేయదు" అనును. మరియొక తల్లి, "మా వాడు అన్నము ముందు పెట్టిన ముఖము త్రిప్పుకొనును" అనును. ఒక గృహస్థుడు, "ఎంత తిన్నను మరల ఏదో తినవలెననియే యుండును, మొన్న పరీక్ష చేయించగా చక్కెర వ్యాధి యనిరి" అనును. ఈ మూడును వేరు వేరు కష్టములుగా తోచును. కాని ఈ మూటికిని సంబంధించిన యంగమొకటి కలదు. అది మన ప్రేవు.

ప్రేవు ఆహారమును జీర్ణము చేయుననియు, సారమును రక్తములోనికి పంపుననియు మనము బడిలో చదువుకొన్నాము. అది చేయు పని యింతటితో ముగియదు. తన యొద్దకు వచ్చిన ఆహారమునందు ఏమి యున్నదో, ఎంత యున్నదో పరీక్షించి, ఆ వార్తను మెదడునకు పంపును. "ఇక చాలు" అనునదియు, "ఇంకను కావలెను" అనునదియు చాలవరకు ఈ వార్తను బట్టియే నిర్ణయమగును. ఈ సంగతి గ్రామ పెద్దలకు తెలిసియుండుట అవసరము. ఏలయనగా అంగన్‌వాడీలో పిల్లల గిన్నెలో ఏమి పడుచున్నదో, బడి ముందర అంగడిలో ఏమి అమ్ముచున్నారో, మంచినీటి తొట్టి ఎట్లున్నదో విచారించువారు పంచాయతీ సభ్యులే కదా.

ఆకలి ఎచ్చట పుట్టును?

ఆకలి కడుపులో పుట్టునని లోకులందరి నమ్మకము. శాస్త్రజ్ఞులును చాలకాలము అట్లే తలచిరి. 1912లో అమెరికాయందలి హార్వర్డు విశ్వవిద్యాలయమున కానన్ అను శరీరశాస్త్రజ్ఞుడును, ఆయన శిష్యుడు వాష్‌బర్న్‌యును ఒక ప్రయోగము చేసిరి. వాష్‌బర్న్ ఒక చిన్న రబ్బరు బుడగను మ్రింగెను. దానికి సన్నని గొట్టము కట్టి, జీర్ణాశయము ముడుచుకొనినప్పుడెల్ల ఆ కదలిక కాగితముపై గీతగా పడునట్లు ఏర్పాటు చేసిరి. ఆకలి మంట తోచినప్పుడెల్ల ఆయన ఒక మీట నొక్కుచుండెను. పిమ్మట కాగితమును చూడగా జీర్ణాశయము గట్టిగా ముడుచుకొనిన వేళలును, ఆకలి తోచిన వేళలును కలిసియుండెను. ఖాళీ కడుపు ముడుచుకొనుటయే ఆకలియని అప్పుడు తలచిరి.

కాని వ్యాధివశమున జీర్ణాశయము పూర్తిగా తీసివేయబడిన రోగులకు సైతము ఆకలి వేయుచుండుట వైద్యులు గమనించిరి. కావున కడుపు ముడుచుకొనుట ఆకలికొక గురుతే గాని, దానికి మూలము కాదని తేలినది.

1999లో జపానుదేశీయులగు కొజిమా, కంగావా అను శాస్త్రజ్ఞులును వారి సహచరులును గ్రెలిన్ అను పదార్థమును కనుగొనిరి. ఇది ముఖ్యముగా జీర్ణాశయపు గోడలలో పుట్టి, రక్తము ద్వారా మెదడును చేరి, ఆకలిని రేపును. భోజనమునకు ముందు ఇది రక్తమున హెచ్చును. భోజనమైన పిదప తగ్గును. ఇచ్చట ముఖ్యముగా గమనింపదగిన విషయమొకటి కలదు. ఎలుకలపై చేసిన ప్రయోగములలో జీర్ణాశయమును వట్టి నీటితో ఉబ్బించినంత మాత్రమున గ్రెలిన్ తగ్గలేదు. పోషకములు అందినప్పుడే తగ్గినది. నీటితో కడుపు నింపి ఆకలిని కొంతసేపు మరపించవచ్చును గాని, మోసగింపజాలము.

"చాలు" అని చెప్పునది ఏది?

తిండి ప్రారంభించుట ఒక సంగతి. తిండి మానుట మరియొక సంగతి. విస్తరిలో అన్నముండగనే మనము చేయి కడుగుకొనుచున్నాము. మనకు చాలునని చెప్పినదెవరు? నోరా, కడుపా, ప్రేవా?

రష్యా దేశమున పావ్లోవ్ అను మహాశాస్త్రజ్ఞుడు జీర్ణక్రియను గూర్చి చేసిన పరిశోధనలకు 1904లో నోబెల్ బహుమానము నందెను. ఆయన కుక్కలకు శస్త్రచికిత్స చేసి, అవి మ్రింగిన ఆహారము కడుపును చేరక మెడ యొద్దనే వెలుపలికి వచ్చునట్లు చేసెను. ఆ కుక్కలు తినుచునే యుండెను, తనివి యనునది లేకుండెను. నోటికి రుచి అందినది, గొంతు మ్రింగినది, అయినను "చాలు" అను మాట రాలేదు. నోటికి తృప్తి యుండవచ్చును గాని, తిండిని ఆపు శక్తి నోటిది కాదని దీనివలన తెలియుచున్నది.

ఇక 1902లో ఇంగ్లండునందు బేలిస్, స్టార్లింగ్ అను నిరువురు మరియొక గొప్ప విషయము కనుగొనిరి. చిన్న ప్రేవు మొదటి భాగమునకు పుల్లని రసము తగులగనే ఆ గోడలనుండి ఒక పదార్థము రక్తములో కలిసి, దూరముననున్న క్లోమమును చేరి, జీర్ణరసమును స్రవింపజేయును. దీనికి వారు సెక్రెటిన్ అని పేరిడిరి. ఇట్లు రక్తము ద్వారా వార్త గొనిపోవు పదార్థములకు 1905లో స్టార్లింగ్ "హార్మోను" అను పేరు వాడెను. అనగా హార్మోను అను శాస్త్రభావము మొట్టమొదట ప్రేవునుండియే పుట్టినది.

1928లో ఐవీ, ఓల్డ్‌బర్గ్ అనువారు ప్రేవునుండి పుట్టి పిత్తాశయమును ముడుచుకొనజేయు మరియొక హార్మోనును కనుగొనిరి. దానిపేరు కొలెసిస్టోకైనిన్. దీనిచేత పైత్యరసము ప్రేవులోనికి వచ్చి క్రొవ్వు జీర్ణమగును. చాలకాలము దీని పని యింతేయని తలచిరి. కాని 1973లో అమెరికాలో గిబ్స్, యంగ్, స్మిత్ అను శాస్త్రజ్ఞులు ఈ హార్మోనును ఆకలిగొన్న ఎలుకలకు సూదిమందుగా ఇచ్చి చూడగా, అవి మామూలుకంటె తక్కువ తిని ఊరకుండెను. ఆహారమును జీర్ణము చేయు హార్మోనే "ఇక చాలు" అను వార్తను గూడ మోయుచున్నదని దీనితో స్పష్టమైనది.

కడుపు పరిమాణమును కొలుచును. ప్రేవు సారమును కొలుచును

ఈ పాఠమునకు మూలసూత్రమిది. 2004లో అమెరికాయందలి పర్డ్యూ విశ్వవిద్యాలయమునకు చెందిన పౌలీ, ఫిలిప్స్ అనువారు అంతవరకు జరిగిన ప్రయోగములనన్నిటిని పరిశీలించి దీనిని స్పష్టముగా చెప్పిరి. ఎలుక జీర్ణాశయమునుండి ప్రేవునకు పోవు ద్వారమును మూసియుంచి లోపల ద్రవము పోసినచో, అది ఉప్పునీరైనను పోషకద్రవమైనను ఒక్కటే ఫలము: పరిమాణమును బట్టి ఎలుక తిండి మానును. ద్వారమును తెరచియుంచినప్పుడు మాత్రము పోషకమునకును వట్టినీటికిని భేదము కనబడును. కావున జీర్ణాశయమునకు తెలిసినది "ఎంత నిండినది" అను లెక్క. ప్రేవునకు తెలిసినది "ఏమి వచ్చినది" అను లెక్క. ఒకటి కుంచము వంటిది. మరియొకటి ధాన్యపు నాణ్యమును చూచు చేయి వంటిది.

ప్రేవు ఈ పనిని ఎట్లు చేయును? దాని లోపలి పొరలో వేలకొలది సామాన్య కణముల నడుమ అచ్చటచ్చట ప్రత్యేక కణములు కలవు. నాలుక చక్కెరను, చేదును గుర్తించునట్లు, ఇవి ఆహారము విడిపోగా వచ్చిన చక్కెరలను, క్రొవ్వు ఆమ్లములను, మాంసకృత్తుల ముక్కలను గుర్తించును. గుర్తించిన వెంటనే హార్మోనులను వెడలించును. ఆ వార్త రెండు మార్గముల పోవును. మొదటిది నాడీమార్గము: మెదడునుండి బయలుదేరి మెడ, రొమ్ము దాటి పొట్టవరకు వ్యాపించిన వేగస్ అను పెద్ద నాడి ఈ సంకేతములను మెదడు అడుగుభాగమునకు చేర్చును. రెండవది రక్తమార్గము: హార్మోనులు రక్తములో కలిసి మెదడులోని అధోపర్యంకము మున్నగు భాగములను చేరును. అచ్చట ఆకలియు, తృప్తియు బేరీజు వేయబడును.

ప్రేవు వార్త పంపి ఊరకుండదు. జీర్ణాశయపు ద్వారమును గూడ అదుపు చేయును. పోషకములు ప్రేవులో పడినకొలది, "మెల్లగా పంపుము" అని పైకి ఆజ్ఞ పోవును. పెద్దవారిలో జీర్ణాశయమునుండి ప్రేవులోనికి నిమిషమునకు సుమారు 2 నుండి 3 కెలరీల చొప్పున మాత్రమే ఆహారము దిగుచుండును. కాలువ తూము తెరచి మూయు నీరుకట్టువాని పని వంటిదిది. వట్టినీరు, పలుచని ద్రవము వడిగా దిగిపోవును. సారవంతమైన ఆహారము నిదానముగా దిగును. జీర్ణము కాని పోషకములు చిన్న ప్రేవు చివరివరకు చేరినచో, అచ్చటినుండి జి.ఎల్.పి.-1, పి.వై.వై. అను హార్మోనులు హెచ్చుగా వెడలి, జీర్ణాశయపు కదలికను ఇంకను మందగింపజేసి, ఆకలిని తగ్గించును.

ఈ వార్తలన్నియు పోయి చేరుటకు కొంత సమయము పట్టును. కావుననే త్వరత్వరగా భుజించువాడు "చాలు" అను మాట వచ్చులోపలనే కావలసినదానికంటె హెచ్చు తినివేయును. నమలి నిదానముగా తినుమని మన పెద్దలు చెప్పినదానికి శాస్త్రాధారమిది.

ఏ పోషకము ఎట్టి వార్త పంపును?

అన్ని పోషకములును ఒకే విధముగా తృప్తి నీయవు. సమానమైన కెలరీలలో మాంసకృత్తులు సాధారణముగా హెచ్చు తృప్తి నిచ్చును. పప్పు, పెసలు, శెనగలు, గ్రుడ్డు, పాలు, పెరుగు, చేపలు ఈ కోవలోనివి. క్రొవ్వు జీర్ణమై క్రొవ్వు ఆమ్లములుగా విడినప్పుడు కొలెసిస్టోకైనిన్ బాగుగా వెడలును, జీర్ణాశయము మెల్లగా ఖాళీయగును. అయినను క్రొవ్వు కొద్దిపాటి పరిమాణములోనే ఎక్కువ కెలరీల నిచ్చును గనుక, ప్రేవు హెచ్చరించులోపల పెద్దవారు మితిమీరి తినుట సులభము. పీచు గల ఆకుకూరలు, కాయధాన్యములు, ముడి ధాన్యములు కడుపులో చోటు ఆక్రమించును, నమలుటకు సమయము తీసికొనును, జీర్ణమును నిదానింపజేయును. బాగుగా పాలిషు పట్టిన బియ్యపు అన్నమొక్కటే తిన్నచో ఈ మేలు తగ్గును. తీపి పానీయముల సంగతి వేరు: అందలి చక్కెర కెలరీల నిచ్చును గాని, నమలి తిన్న ఆహారమంతటి తృప్తి నీయదు. అందుచేత పానీయము త్రాగినవాడు తరువాతి భోజనములో దానికి తగినంత తగ్గించుకొనడు.

పసిబిడ్డ ఉదరము, పలుచని జావ

ఇప్పుడు మొదటి తల్లి మాటకు వచ్చెదము. "గిన్నెడు త్రాగును, ఒళ్లు చేయదు." దీనిని లెక్కవేసి చూతము.

పదినెలల బిడ్డ, తూకము 8 కిలోలు అనుకొందము. ఇట్టి పసిబిడ్డ ఒక పూట సుఖముగా పట్టించుకొనగల ఆహారము కిలో తూకమునకు 30 మిల్లీలీటర్ల చొప్పున సుమారు 240 మిల్లీలీటర్లు. అనగా ఒక పెద్ద గ్లాసుడు. ఈ వయస్సున తల్లిపాలు గాక బయటి ఆహారమునుండి రోజుకు సుమారు 300 కెలరీలు కావలెను.

ఆ గ్లాసులో 12 గ్రాముల బియ్యపుపిండి మాత్రమే కలిపి కాచిన పలుచని జావ యున్నదనుకొనుడు. అందు లభించునది సుమారు 42 కెలరీలు. దినమునకు నాలుగు మారులు కడుపునిండ త్రాగించినను 168 కెలరీలే. తల్లి చేసిన లోపమేమియు లేదు, బిడ్డ తినకపోలేదు, కడుపు నిండినది, కుంచము నిండినదని జీర్ణాశయము చెప్పినది. కాని ప్రేవునకు చేరినది కావలసిన దానిలో సగమునకు కొంచెము పైమాట మాత్రమే.

అదే గ్లాసులో బియ్యము, పెసరపప్పు కలిపిన పిండి 36 గ్రాములు మెత్తగా ఉడికించి, 5 గ్రాముల నెయ్యి గాని నూనె గాని చేర్చిన సుమారు 171 కెలరీలు లభించును. రెండు పూటలకే 300 దాటును. పప్పులోని మాంసకృత్తులు అదనపు లాభము. సాంద్రమైన ఆహారమును పెట్టినప్పుడు పిల్లలు పరిమాణములో కొంత తక్కువ తిన్నను, మొత్తముమీద వారికి అందు శక్తి హెచ్చునని పరిశోధనలలో తేలినది. పూటల సంఖ్య పెంచినను అట్లే హెచ్చును. కావున గట్టిదనము, పూటల సంఖ్య, ఈ రెండును చూడవలెను. తల్లిపాలు త్రాగు బిడ్డకు 6 నుండి 8 నెలలవరకు దినమునకు 2, 3 మారులును, 9 నెలలనుండి రెండేండ్లవరకు 3, 4 మారులును ఆహారము పెట్టి, నడుమ ఒకటి రెండు మారులు చిరుతిండి ఇచ్చుట మేలు. తల్లిపాలు మాత్రము రెండేండ్లు నిండువరకును, ఆపైనను మాన్పరాదు.

గట్టిగా కాచిన జావ బంకవలె నుండి బిడ్డ గొంతు దిగదని తల్లులు చెప్పుదురు. అది నిజమే. దీనికి ఉపాయము మన ఇండ్లలోనే కలదు. రాగులను నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, వేయించి దంచిన పిండిని మన స్త్రీలు ఎరుగుదురు. మొలకెత్తునప్పుడు గింజలో పిండిని విడగొట్టు ఎంజైము పుట్టును. ఇట్టి మొలకపిండిని ఒక చెంచాడు వేడి గట్టి జావలో కలిపినచో, నీరు చేర్చకయే అది కొద్ది నిమిషములలో జారుడగును, సారము తగ్గదు. దీనికొరకు మొలకపిండిని సన్నని సెగపై లేతగా మాత్రమే వేయించవలెను. మాడినచో ఆ శక్తి నశించును. కలిపిన పిదప జావను మరల ఒక పొంగు రానిచ్చి, గోరువెచ్చనగునంతవరకు చల్లార్చి బిడ్డకు పెట్టవలెను. బరోడాలోని పరిశోధకులు ఈ విధానమును పరీక్షించి ప్రచారము చేసియున్నారు.

ఆకలి చచ్చిన బిడ్డ

రెండవ తల్లి బిడ్డ తినుటకే ఇష్టపడుట లేదు. దీనికి రెండు కారణములను వేరు చేసి చూడవలెను.

మొదటిది తేలికయైనది. భోజనమునకు ఒక గంట ముందు తీపి టీ, బిస్కట్లు, రంగు పానీయము, పొట్లములలో అమ్ము వేపుడు తినుబండారములు కడుపులో పడినవి. ప్రేవు ఆ చక్కెరను, నూనెను గుర్తించి "చాలు" అని వార్త పంపినది. బిడ్డ మొండితనము చేయుట లేదు. ప్రేవు చెప్పినట్లు నడచుకొనుచున్నాడు. దీనికి మందు ఆ తిండిని మాన్పి వేళకు భోజనము పెట్టుటయే.

రెండవ కారణము భయపడవలసినది. జ్వరము, విరేచనములు, దగ్గు మున్నగు అంటువ్యాధులు వచ్చినప్పుడు శరీరము పుట్టించు రక్షకపదార్థములు మెదడును చేరి ఆకలిని అణచివేయును. మాటిమాటికి విరేచనములగుటచే శరీరమున జింకు తగ్గును. జింకు తగ్గినకొలది ఆకలి ఇంకను చచ్చును. నులిపురుగులు మొదలగునవి పోషకములను దొంగిలించును. తినక బలహీనపడును, బలహీనపడినందున మరల వ్యాధి వచ్చును. ఈ చక్రమున చిక్కిన బిడ్డకు రుచిగా వండి పెట్టుటయొక్కటే చాలదు.

తీవ్రమైన పోషణలోపము గల బిడ్డ విషయమున ఆకలియే వైద్యునకు కొలబద్ద. ఆరు నెలలనుండి అయిదేండ్లలోపు బిడ్డ దండ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకంటె తక్కువయున్నచో అది తీవ్రలోపము. అట్టి బిడ్డకు ఆహారమిచ్చి ఆకలి పరీక్ష చేయుదురు. తినగలిగి, వేరే జబ్బు లేనిచో ఇంటివద్దనుంచియే చికిత్స చేయవచ్చును. తినలేకపోయినచో పోషకాహార పునరావాస కేంద్రమునకు గాని ఆసుపత్రికి గాని పంపవలెను. అచ్చట మొదట 100 మిల్లీలీటర్లకు 75 కెలరీలు మాత్రమే గల పాలద్రవమును కొద్దికొద్దిగా, రెండు మూడు గంటలకొకమారు రాత్రింబవళ్లు ఇత్తురు. ఆకలి మరలివచ్చిన పిదపనే 100 కెలరీలు గల ద్రవమునకు మార్తురు. చిక్కిపోయిన బిడ్డకు జాలిపడి ఒక్కసారిగా బలమైన ఆహారమును క్రుక్కుట ప్రాణాపాయము. ఈ మాట గ్రామమున ప్రతి యింటికిని తెలియవలెను.

పెద్దల విషయము

మూడవవాడు చక్కెర వ్యాధి వచ్చిన గృహస్థుడు. 2019లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థలో 20 మందిని లోపలనే యుంచి ఒక పరీక్ష చేసిరి. రెండు వారములు కర్మాగారములలో బహువిధముల మార్చిన ఆహారమును, రెండు వారములు ఇంటివంట వంటి సహజాహారమును ఇచ్చిరి. ముందుంచిన ఆహారములో చక్కెర, క్రొవ్వు, పీచు, కెలరీలు రెండు పక్షములందును సమానము. ఎంత కావలెనన్న అంత తినవచ్చును. అయినను మొదటి విధమైన ఆహారము తినునప్పుడు వారు దినమునకు సుమారు 500 కెలరీలు హెచ్చు తినిరి, త్వరగా తినిరి, తూకము పెరిగిరి. మెత్తగా, త్వరగా గొంతు దిగు తిండి ప్రేవు హెచ్చరికను దాటి పోవుట దీనికొక కారణమని తలచుచున్నారు.

మన తెలుగునాట సమస్య మరియొకటి గూడ కలదు: విస్తరిలో అన్నము కొండంత, పప్పు గోరంత. 1918లో కూనూరులో పుట్టి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన పరిశోధనశాలయే నేటి జాతీయ పోషకాహార సంస్థ. ఈ సంస్థ 2024 మే నెలలో ప్రకటించిన ఆహార సూత్రములలో, ధాన్యములనుండి వచ్చు శక్తి మొత్తములో 45 శాతమునకు మించరాదనియు, పప్పులు, మాంసము మున్నగువానినుండి 15 శాతమువరకు రావలెననియు సూచించినది. కూలిపని చేయువాని కడుపును పప్పు, కూర, మజ్జిగ కలిసిన అన్నము నింపినచో, తృప్తి వేగము కలుగును, చాలసేపు నిలుచును.

ప్రేవు హార్మోను జి.ఎల్.పి.-1 పనిని అనుకరించు మందులు నేడు చక్కెర వ్యాధికిని, స్థూలకాయమునకును వాడుకలోనున్నవి. ఆకలిని తగ్గించుటలో ఇవి శక్తివంతములే. కాని వైద్యుని సలహా లేక అంగడిలో కొని సూది వేసికొనుట తగదు. ఇవి చిక్కిన శరీరమునకు హానికరములు. వృద్ధుల ఆకలి తగ్గుట వయోధర్మమని ఊరకుండుటయు తగదు; పూటకు కొద్దిగా, సారము గలదిగా, మారులు పెంచి పెట్టవలెను, తూకము తగ్గుచున్నచో వైద్యునకు చూపవలెను.

పంచాయతీ సభ్యులు చేయదగిన పనులు

రాజ్యాంగపు 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చినది. దానితో చేర్చిన పదునొకండవ షెడ్యూలులోని 29 అంశములలో త్రాగునీరు, ఆరోగ్య పారిశుద్ధ్యములు, స్త్రీ శిశు సంక్షేమము కలవు. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సంఘమునందును పంచాయతీ సభ్యులకు స్థానము కలదు. కావున ఈ క్రింది పనులు వారి చేతిలోనివే.

1. అంగన్‌వాడీ కేంద్రమునకు నెలకొకమారైన భోజనవేళకు పోయి చూడవలెను. గిన్నెలు నిండినవా యనుటయొక్కటే గాక, పప్పు నీళ్లుగా నున్నదా, గరిటెకు పట్టునట్లున్నదా, గ్రుడ్డు బిడ్డ నోటికే చేరుచున్నదా యని చూడవలెను.

2. ఇంటికి ఇచ్చు పోషకాహార పిండి ఇంటిల్లిపాదికి పంపకము కాకుండ, ఆ బిడ్డకే రోజుకు కొన్ని మారులు చిక్కగా కలిపి పెట్టునట్లు కార్యకర్త చేత తల్లులకు ఎదుటనే కలిపి చూపింపవలెను. మొలకపిండి చేయు విధమును మహిళా సంఘములు నేర్పవచ్చును.

3. అన్నప్రాశనము ఆరు నెలలు నిండగనే జరుగునట్లు, ఆలస్యము కాకుండునట్లు ఇంటి పెద్దలకు చెప్పవలెను. ఆ దినమున నాకించుటతో విడువక, మరునాటినుండి క్రమముగా పెట్టునట్లు చూడవలెను.

4. నీటితొట్లు కడిగించుట, క్లోరిను వేయించుట, మరుగుదొడ్లు వాడుకలోనుండునట్లు చూచుట ఆకలికి సంబంధము లేని పనులని తలపరాదు. విరేచనములు తగ్గినచో పిల్లల ఆకలి నిలుచును. విరేచనములైన బిడ్డకు ఓ.ఆర్.ఎస్. నీరును, 14 దినములు జింకు మాత్రలును అందవలెను, తిండి మాన్పరాదు, కోలుకొనిన పిదప రెండు వారములు రోజుకొక పూట అదనముగా పెట్టవలెను.

5. 2015 నుండి జరుగుచున్న జాతీయ నులిపురుగుల నివారణ దినమున ఏ బిడ్డయు మాత్రకు దూరము కాకుండ చాటింపు వేయింపవలెను.

6. దండ కొలత తక్కువగా నున్న బిడ్డల సంగతి సమావేశమున అడిగి తెలిసికొనవలెను. ఆకలి లేని బిడ్డను పునరావాస కేంద్రమునకు చేర్చుటకు బండి ఏర్పాటు చేయుట, అచ్చట తల్లి యున్నన్ని దినములు ఇంటిలోని మిగిలిన పిల్లలను ఎవరు చూచెదరో నిశ్చయించుట గ్రామము పూనుకొనవలసిన పని. చాలమంది తల్లులు ఈ చిక్కువలననే పోవుటకు వెనుదీయుదురు.

7. బడి ఆవరణమునందు, పరిసరములందు తీపి పానీయములు, పొట్లపు తిండ్లు అమ్మకుండ గ్రామసభలో తీర్మానించి, వాని స్థానమున వేరుశెనగ ఉండలు, ఉడికించిన శెనగలు, అరటిపండ్లు అమ్ముకొనువారిని ప్రోత్సహింపవలెను. చిన్న అంగడివాని జీవనము చెడకుండ మార్పు తెచ్చుట మేలు.

"ఆకలి రుచి యెరుగదు" అని మన సామెత. అది నిజమే. కాని ప్రేవు సారమెరుగును. గిన్నె నిండినదని మనము సంతోషించినను, ప్రేవు తన లెక్క తాను వేయుచునే యుండును. ఆ లెక్క సరిపడిననాడే బిడ్డ తూకపు గీత పైకి సాగును. గ్రామపు జమాఖర్చులను చూచు చేతులే ఈ లెక్కను గూడ చూడవలెను.

సమావేశమున చర్చించుటకు ప్రశ్నలు

1. కడుపు నిండుటకును, ఆకలి తీరుటకును గల భేదమును మీ గ్రామమునుండియే ఒక ఉదాహరణముతో చెప్పుడు.
2. మీ అంగన్‌వాడీలో ఒక బిడ్డకు ఒక పూట ఎంత పప్పు, ఎంత నూనె అందుచున్నది? కొలిచి చూచితిరా?
3. గత మూడు మాసములలో ఎందరు పిల్లలకు విరేచనములైనవి? అందెందరికి జింకు మాత్రలు పూర్తిగా అందినవి?
4. తీవ్ర పోషణలోపము గల బిడ్డను కేంద్రమునకు పంపవలసివచ్చిన, ఆ యింటికి పంచాయతీ చేయగల సహాయమేమి?